మోటారు బండిలో కమురు వాసన



మన భాషయందు కాలుటవలన పుట్టు వాసనలకు ఒక్క పేరు కాదు, పెక్కు పేర్లు కలవు. అన్నము అడుగంటినచో మాడు వాసన యందుము. నూనె గాని, వెండ్రుక గాని, గుడ్డ గాని కాలినచో కమురు కంపు అందుము. పాలు పొంగి నిప్పులలో పడిన వాసన వేరు, పులుసు పొగచూరిన వాసన వేరు. ఇల్లాలు నడవలో కూర్చుండి బియ్యము చెరుగుచునే వంటయింటిలో మాడినది పప్పో, పాలో, పొయ్యి ప్రక్కనున్న మసిగుడ్డయో చెప్పగలదు. కశింకోట, అనకాపల్లి ప్రాంతముల బెల్లము వండు రైతులకు ఈ విద్య మరింత బాగుగా తెలియును. పెనములోని పాకము అడుగంటుచున్నదని కంటికంటె ముందు ముక్కే చెప్పును. ఆ ముక్కుతోనే మోటారు కారు రోగమును సైతము కనిపెట్టవచ్చునని చెప్పుటకే నేడు నేను మీ ముందునకు వచ్చితిని.

ఒకప్పుడు కారు ఊరిలోనికి వచ్చినచో పిల్లలు దాని వెంట పరుగిడెడివారు. నేడు పిల్లలు తల యెత్తియైనను చూడరు. విశాఖపట్టణమున ఉద్యోగము చేయు కుమారుడు సంక్రాంతికి తన కారులో వచ్చును. తండ్రిని ముందు సీటులో కూర్చుండబెట్టి అన్నవరమునకో, సింహాచలమునకో తీసికొనిపోవును. పెండ్లివారు అద్దె బండ్లు కట్టించుకొని పోవుదురు. బండి నడుపుట పెద్దలకు తెలియకపోవచ్చును. గాని నడుపువానికి లేని యొక సౌకర్యము వారికి కలదు. వాని దృష్టి యంతయు బాటమీద నుండును. వారు ఊరకయే కూర్చుందురు.

ముక్కునకు ఒక స్వభావము కలదు. ఏ వాసనయైనను కొన్ని నిమిషములు విడువక తగిలినచో దానిని అది లెక్కచేయుట మానివేయును. చేపల బజారులో కూర్చున్నవానికి చేపల కంపు తెలియకుండుట ఈ కారణముననే. ఎలమంచిలి నుండి వచ్చుచున్న బండిలోని నలుగురికి తెలియని కమురు వాసన, కశింకోటలో క్రొత్తగా ఎక్కిన ఐదవవానికి తలుపు తీయగానే తెలియును. అప్పుడు తక్కిన నలుగురు, "మాకేమియు రాలేదే!" అని వానిని త్రోసిపుచ్చరాదు. ఆ నలుగురి సాక్ష్యముకంటె ఆ యొక్కని సాక్ష్యమే విలువైనది. 2020, 2021 సంవత్సరములలో కోవిడు సోకినవారిలో అనేకులకు వాసన తెలియు శక్తి పోయినది. కొందరికి అది పూర్తిగా తిరిగి రాలేదు. అట్టివారు బండి నడుపుచున్నప్పుడు ప్రక్కవారి ముక్కే వారికి ఆధారము.

కశింకోటవారికి మరియొక చిక్కు కలదు. కలకత్తా నుండి చెన్నపట్టణమునకు పోవు 16వ సంఖ్య జాతీయ రహదారి ఈ ఊరిమీదుగా పోవుచున్నది. దానికి ఇరుప్రక్కల ఉన్న గ్రామములలో చెరకు కొట్టు కాలమున చెరకు పిప్పితో పొయ్యిలు మండుచుండును, పాకము ఉడుకుచుండును, పొలములలో చెరకు ఆకు తగులబెట్టుచుందురు. ముందు పోవుచున్న లారీ బ్రేకులు కాలుచుండవచ్చును. ఇన్ని పొగల నడుమ మన బండి పొగ యేదో తెలిసికొనుట యెట్లు? దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. వాసన మనతోకూడ వచ్చుచున్నదా, వెనుకనే నిలిచిపోయినదా? బెల్లపు బట్టీ దాటి రెండు మైళ్లు పోయిన పిదప కూడ బెల్లపు వాసనయే వచ్చుచున్నచో అది బట్టీది కాదు. వెలుపలి గాలిని లోనికి రానీయక బిగించెడి మీట కారులలో నుండును. దానిని బిగించి, అద్దములు మూసి, కొంతసేపు చూడవలెను. వెలుపలి వాసన యైనచో క్రమముగా తగ్గును. పిమ్మట బండిని ఒక ఖాళీ స్థలమున నిలిపి, దిగి, చుట్టును ఒకమారు తిరిగి, ముందు చక్రముల వద్ద, వెనుక చక్రముల వద్ద, బానెటు వద్ద, పొగగొట్టము వద్ద విడివిడిగా వాసన చూడవలెను. వాసన ఎచ్చట గాఢముగా నున్నదో తెలిసినచో సగము వైద్యము జరిగినట్లే.

తీపి వాసన మాట ఎత్తితిని గనుక ముందుగా దానినే ముగించెదను. ఇంజను వేడిని తగ్గించుటకు రేడియేటరులో నీటితో కలిపి పోయు రంగు ద్రవమును కూలెంటు అందురు. అందు ముఖ్యమైనది ఇథిలీన్ గ్లైకాల్ అను రసాయనము. అది కారి వేడి ఇనుముపై పడినచో పాకపు వాసనను పోలిన కమ్మని తీపి వాసన వచ్చును. వేరొక ఊరిలో ఈ వాసన వచ్చినచో, "ఇదేమి వింత!" అని బండి నాపుదురు. మన ప్రాంతమున, "ఎవరో బెల్లము వండుచున్నారు" అని సాగిపోవుదురు. అంతలో నీరు తరిగి, వేడి ముల్లు ఎర్ర గీతను దాటి, ఇంజను తలభాగము వంకరపోవును. వేలకొలది రూపాయల నష్టము. వట్టి నీరు పోసిన బండికి ఈ తీపి వాసన యుండదు. అందు ముల్లు ఒక్కటే దిక్కు. వేడిగా నున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. లోపల ఒత్తిడిలో నున్న నీరు మూత వదులు కాగానే ముఖముమీదికి ఎగజిమ్మును. ఇంజను చల్లారువరకు వేచియుండుటయే మార్గము. ఇంకొక మాట. ఈ ద్రవము విషము. దాని రుచి కూడ తీపియే. వాకిట కారిన మడుగును కుక్క నాకినను, దూడ త్రాగినను, పసిబిడ్డ వ్రేలు ముంచి చప్పరించినను మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగును. పశువులు తిరుగు వాకిళ్లలో కారు నిలుపువారు ఉదయమున బండి క్రింద నేలను ఒకసారి చూచుట అవసరము.

ఇక గడ్డి. మన జిల్లాలలో ఉలవ మండలు, పెసర మండలు, చోడి వెన్నులు తారురోడ్డుపై పరచి, పోవు బండ్ల చక్రములచేత నూర్పించుట చిరకాలముగా సాగుచున్నది. కళ్లము లేని రైతుకు అది చేతికందిన కళ్లము. అతని ఇబ్బంది నాకు తెలియకపోలేదు. కాని ఆ మండలపై పోయిన కారు అడుగున జరుగునదేమో చూడుడు. ఎండుతీగలు చక్రమును త్రిప్పు ఇరుసునకు తాడువలె చుట్టుకొనును. కొన్ని పొగగొట్టమునకు అంటుకొనును. 1995 ఏప్రిలు నుండి మొదట నాలుగు మహానగరములలోను, తరువాత దేశమంతటను క్రొత్త పెట్రోలు కారులకు పొగను శుద్ధిచేయు పేటిక యొకటి అమర్చుచున్నారు. దానిని కేటలిటిక్ కన్వర్టరు అందురు. పని చేయుచున్నప్పుడు దాని లోపలి వేడి నాలుగైదు వందల సెంటీగ్రేడు డిగ్రీలును, అంతకు మించియు నుండును. ఎండుగడ్డి రాజుకొనుటకు అంత వేడి అక్కరలేదు. 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి వచ్చిన డీజిలు కారులలో మసిని పట్టి యుంచు జల్లెడ కూడ కలదు. నిండిన మసిని ఆ బండి అప్పుడప్పుడు తానే కాల్చివేసికొనును. ఆ సమయమున అచ్చటి వేడి ఆరువందల డిగ్రీల వరకు పోవును. ఘాటైన వేడి వాసన యొకటి వెలువడును. అది రోగము కాదు. కాని అట్టి సమయమున బండిని గడ్డివాము ప్రక్కను, చెరకు ఆకు పరచిన కళ్లములోను నిలిపినచో అడుగున నున్న ఆకు అంటుకొనును. రోడ్డుమీది మండలను దాటి వచ్చిన పిమ్మట గడ్డి కాలు వాసన తగిలినచో, బండి నాపి, పొడుగాటి కర్రతో అడుగున చుట్టుకొన్నదానిని లాగివేయవలెను. చేయి పెట్టరాదు, కాలును. రోడ్డు ప్రక్కన ఎగిరి వచ్చి పొగగొట్టమునకు అంటుకొన్న ప్లాస్టిక్కు సంచి కూడ ఇట్టి భయమునే కలిగించును. అది పూర్తిగా కాలిపోవువరకు రెండు మూడు దినములు కంపు కొట్టి, పిదప తానే పోవును.

మనవారు కొండలెక్కుట ఎక్కువ. నర్సీపట్టణము మీదుగా చింతపల్లికి, లంబసింగికి, మాడుగుల మీదుగా పాడేరునకు, పుణ్యమునకు తిరుమలకు. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాటురోడ్డు నేడు దిగుటకును, 1974లో వేసిన రెండవది ఎక్కుటకును వాడుకలో నున్నవి. ఎక్కునప్పుడు వచ్చు వాసనయు, దిగునప్పుడు వచ్చు వాసనయు ఒకటి కావు. ఎక్కునప్పుడు కాలిన కాగితము వంటి వాసన వచ్చినచో అది క్లచ్చిది. ఎత్తుమీద బండి వెనుకకు జారకుండ బ్రేకు వేయుటకు మారుగా క్లచ్చిని సగము త్రొక్కి నిలబెట్టుట కొందరికి అలవాటు. ఆ ప్లేటు అంతసేపును రాపిడి పడి కాలును. ఒకమారు వచ్చి ఆగినచో భయము లేదు. ఇంజను గట్టిగా అరచుచు బండి మాత్రము ముందునకు సాగనిచో ప్లేటు అరిగిపోయినదని తెలిసికొనవలెను.

దిగునప్పుడు వచ్చు ఘాటైన వాసన, లక్కయు మందుసామగ్రియు కలిసి కాలినట్లుండునది, బ్రేకులది. దీనియందు ఉపేక్ష ప్రాణాంతకము. కారణము వివరించెదను. బ్రేకు త్రొక్కినప్పుడు మన కాలి బలమును చక్రమువరకు కొనిపోవునది గొట్టములోని ద్రవము. ఈ ద్రవమునకు గాలిలోని తడిని పీల్చుకొను గుణము కలదు. డాట్ 4 అని పేరుగల ద్రవము క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు. తడిని పీల్చిన పిదప 155 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగినచో గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నొక్కబడదు గాని ఆవిరి నొక్కబడును. అనగా కాలు అడుగంట త్రొక్కినను చక్రమునకు బలము చేరదు. లోయ ప్రక్కన మలుపులో ఈ సంగతి తెలియుట ఎంత ఘోరమో చెప్పనక్కరలేదు. అందుచేత ఏ గేరులో కొండ నెక్కితిరో ఆ గేరులోనే దిగవలెను. ఇంజనే బండిని పట్టి యుంచును. వాసన వచ్చినచో విశాలమైన చోట నాపి, బ్రేకులు తమంత తామే చల్లారువరకు అరగంటయైనను కూర్చుండవలెను. నీళ్లు చల్లరాదు, కాగిన ఇనుము పగులును. బ్రేకు ద్రవమును రెండేండ్ల కొకమారు మార్పించుట మంచిది. ఈ ఖర్చు చిన్నది, అయినను మనవారు పెట్టనిది ఇదియే.

కొండ లేకుండ చదునుబాటలో బ్రేకు వాసన వచ్చినచో, మొదట హాండుబ్రేకు విడిచినారో లేదో చూడుడు. విడిచియే యున్నచో బండి నాపి, ఒక్కొక్క చక్రము వద్ద అరచేతిని తాకకుండ దూరముగా నుంచి వేడిని పరీక్షింపుడు. మూడు గోరువెచ్చగను, ఒకటి సెగలు గ్రక్కుచును ఉన్నచో ఆ చక్రపు బ్రేకు పట్టుకొని విడుచుట లేదన్నమాట. ఆ బండిని నడిపించుకొని పోరాదు.

బానెటు క్రింది నుండి వచ్చు వాసనలలో రబ్బరు వాసన యొకటి. బెల్టు జారుచున్నప్పుడు కీచుమను ధ్వనితోకూడ వచ్చును. చల్లగాలి యంత్రమును ఆపగానే తగ్గినచో దోషము ఆ యంత్రపు చక్రమునందే యున్నది. నూనె కమురు ఇంకొకటి. ఇంజను పైమూత క్రింది గాస్కెట్టు పాతబడి, నూనె బొట్టుబొట్టుగా కారి, కాగుచున్న పొగగొట్టముమీద పడినచో నీలిపొగయు, పెనముమీద నూనె మాడిన కంపును వచ్చును. చాలకాలము అది కంపుగానే యుండి, ఒకనాడు మంట యగును. ఎప్పుడగునో చెప్పుట ఎవరి తరమును కాదు.

అన్నిటికంటె భయంకరమైనది తీగ కాలు వాసన. ప్లాస్టిక్కు కరగిన ఘాటు. ముక్కు, గొంతు మండును. బండి ఆపి యుంచినను ఈ వాసన రావచ్చును, ఏలయనగా బాటరీ ఎల్లప్పుడును తీగలతో కలిసియే యుండును. దీనికి మన ఊళ్లలో రెండు కారణములు ప్రధానము. మొదటిది ఎలుక. వేడి తగ్గని ఇంజను చలికాలపు రాత్రి దానికి సుఖమైన ఇల్లు. గడ్డిపరకలు, వేరుశెనగ తొక్కలు తెచ్చి గూడు కట్టును. తీగల తొడుగును కొరుకును. బయలుపడిన రాగితీగ ఒకవైపు, ఎండుగడ్డి ఒకవైపు: అగ్నికి ఇంతకంటె యేమి కావలెను? ఎలుకలు రాకుండ పొగాకు కాడలు ఉంచువారు కలరు. ఎండిన ఆకును ఇంజను ప్రక్కన నుంచుట మరియొక ముప్పు. పండుగకు పండుగకు మాత్రమే తీయు బండి యైనచో, తాళము త్రిప్పుటకు ముందే బానెటు ఎత్తి చూచుట ఉత్తమము.

రెండవ కారణము మనుష్యుడు. బండికి కంపెనీవారిచ్చిన దీపములు చాలవని ఎక్కువ వెలుతురు దీపములు పెట్టించును. లెక్క చూడుడు. 60 వాట్ల దీపములు రెండింటికి 12 వోల్టుల బాటరీ నుండి 10 ఆంపియర్ల విద్యుత్తు పోవును. 100 వాట్ల దీపములు రెండింటికి పదునారున్నరకు పైగా పోవును. తీగలో పుట్టు వేడి విద్యుత్తుయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, అదే సన్నని తీగకు ఇంచుమించు మూడు రెట్లు వేడి తగులును. ఫ్యూజు మాటిమాటికి పోవును. అది దాని ధర్మము. తాను చచ్చి బండిని బ్రతికించును. మనవాడు విసిగి, ఫ్యూజునకు బదులు రాగితీగ ముక్కయో, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమో చుట్టును. ఇక చచ్చుటకు ఫ్యూజు లేదు, తీగయే కాలును. పోయిన ఫ్యూజునకు బదులు అదే అంకె గల ఫ్యూజును తప్ప వేరొకటి పెట్టరాదు. అదియు వెంటనే పోయినచో పెట్టుట మాని, దోషమును వెదకించవలెను.

మురిగిన గ్రుడ్ల కంపు వచ్చినచో బాటరీ మితిమీరి పూరింపబడుచున్నదేమో చూడవలెను. అప్పుడు వెలువడు వాయువులలో హైడ్రోజను కూడ నుండును. నిప్పురవ్వ సోకినచో ప్రేలును. కావున చుట్టతో దగ్గరకు పోవలదు. పెట్రోలు వాసనయు, గాసు వాసనయు కాలు వాసనలు కావు గాని కాలుటకు ముందు వచ్చు వాసనలు. గాసునకు స్వతహాగా వాసన లేదు. కారినచో తెలియుటకై మెర్కాప్టాను అను దుర్గంధ ద్రవ్యమును అందు కలుపుదురు. వంటయింటి సిలిండరును బండిలో బిగించుకొని తిరుగుట చట్టవిరుద్ధమే కాక ఆత్మహత్యతో సమానము. ఆ దుర్గంధము వచ్చిన బండిలో తాళము త్రిప్పరాదు, దీపము వేయరాదు. తలుపులు తెరచి దూరముగా పోవలెను. బాటరీలతో నడచు విద్యుత్ కారులు సైతము ఇప్పుడు గ్రామములకు వచ్చుచున్నవి. వాని అడుగునుండి రసాయనపు ఘాటుతో బుసకొట్టు ధ్వని వచ్చినచో ఆర్పుటకు ప్రయత్నింపక దూరముగా పరుగిడవలెను. ఆ మంట ఆరినట్లే యుండి కొన్ని గంటలకు మరల లేచుట కలదు.

ముక్కు చెప్పజాలనిది కూడ ఒకటి యున్నదని మరువరాదు. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన కొట్టములో ఇంజను నడిపించుచు, చల్లగాలి వేసికొని కారులో నిదురించినవారు నిదురలోనే పోయిన సందర్భములు కలవు. వాసన లేదు గనుక భయము లేదనుట ఇచ్చట చెల్లదు.

వాసనతోపాటు పొగ కూడ కనబడినచో చేయవలసినది వరుసగా చెప్పెదను. బండిని ప్రక్కకు తీసి ఆపుడు. తాళము తీయుడు. అందరిని దించుడు, పిల్లలను, వృద్ధులను ముందు. సామాను కొరకు వెనుదిరుగవలదు. నూరడుగుల దూరము పోయి, రహదారిమీద నున్నచో రోడ్డునకు ఎడముగా నిలువుడు. బానెటు పూర్తిగా ఎత్తవలదు. గాలి తగిలి లోపలి నిప్పు భగ్గుమనును. పొడి నింపిన ఆర్పు డబ్బా చేతనున్నచో, సందులోనుండి అడుగుభాగమునకు కొట్టవచ్చును. నూనె మంటమీద నీళ్లు పోయరాదు, ఇసుక మేలు. అగ్నిమాపక దళమునకు 101, సమస్త ఆపదలకును 112, జాతీయ రహదారిమీద సహాయమునకు 1033. ఈ అంకెలను బండి అద్దముమీద వ్రాసి యుంచుడు. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగరు జిల్లాలోని పాలెము వద్ద బస్సు కల్వర్టును ఢీకొని అంటుకొనగా నలుబదియైదుగురు ఆహుతియైరి. అది వాసనతో మొదలైన అగ్ని కాదు. కాని బండి అంటుకొన్న పిదప దిగుటకు ఎంత స్వల్పకాలము మిగులునో చూపుటకు దానిని చెప్పితిని. వాసన వచ్చినప్పుడు మనకు దొరకిన ఆ నాలుగు నిమిషములు పాలెమువారికి దొరకలేదు.

చివరకు మెకానిక్కు సంగతి. "వాసన వచ్చుచున్నది, చూడుము" అని చెప్పి బండి అప్పగించినచో అతడు దేనిని చూడగలడు? వైద్యునికి చెప్పినట్లు చెప్పవలెను. వాసన ఇంజను చల్లగా నున్నప్పుడా, వేడెక్కిన పిదపనా? ఎత్తు నెక్కునప్పుడా, దిగునప్పుడా? చల్లగాలి వేసినప్పుడా, దీపములు వేసినప్పుడా? ముందు సీటులోనా, వెనుకనా? పొగ యున్నచో తెలుపా, నీలమా, నలుపా? ఈ ప్రశ్నలకు సమాధానములు కాగితముమీద వ్రాసికొని పోయినచో గంట పని పది నిమిషములలో తీరును. మార్చిన భాగమును తిరిగి చూపుమని అడుగుటకు మొగమాటపడవలదు. క్రొత్త బ్రేకులు వేసినను, ఇంజను నూనె మార్చినను ఒకటి రెండు దినములు కొంచెము కమురు వాసన వచ్చుట సహజమే. పొరలిన నూనె చుక్కలు కాలిపోవును. మూడవ దినమున కూడ వచ్చినచో మరల పోయి బానెటు ఎత్తించి, నూనె మూత బిగించినాడో లేదో, చేతులు తుడుచుకొన్న గుడ్డపీలికను ఇంజనుమీదనే మరచినాడో చూడుడు.